కంప్యూటర్ సందేహాలు: పాత ల్యాప్‌టాప్ అమ్మే ముందు

పాత ల్యాప్‌టాప్ అమ్మడం గురించి వచ్చిన ఉత్తరాలు నా బల్ల మీద ఒక కట్ట అయ్యాయి. నెలకు ఒకటి చొప్పున జవాబు రాసుకుంటూ పోతే ఈలోగా ఎవరో ఒకరు తమ ఆధార్ కాపీలతో సహా ల్యాప్‌టాప్‌ను అమ్మేసుకుంటారన్న భయంతో ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు వేయడం లేదు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని. ఆరేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్‌ను మా వీధిలోని ఒక డిగ్రీ విద్యార్థికి తక్కువ ధరకు ఇద్దామనుకుని, నా ఫైళ్లన్నీ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. సెలవులకు వచ్చిన మా అక్క కొడుకు ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫొటోలనూ, మా ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజు స్కాన్‌నూ తిరిగి తెచ్చి చూపించాడు. డిలీట్ చేసినవి ఎక్కడి నుంచి వచ్చాయి? ఇప్పుడు నేనేం చేయాలి?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ముందుగా ఆ అబ్బాయికి కృతజ్ఞతలు చెప్పండి. జరగవలసిన పరీక్ష ఇంట్లోనే జరిగింది.

విండోస్‌లో ఒక ఫైలును డిలీట్ చేయడం అడంగల్లో (గ్రామ భూముల రికార్డులో) రైతు పేరు కొట్టేయడం వంటిది. పేరు కొట్టేసినంత మాత్రాన చేలోని వరి మాయం కాదు. మరొకరు వచ్చి దున్ని ఇంకో పంట వేసేదాకా పాత పైరు అక్కడే ఉంటుంది. ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడ ఉందో రాసుకునే పట్టిక ఒకటి ఉంటుంది. మీరు డిలీట్ చేయగానే ఆ పట్టికలో ‘ఈ చోటు ఖాళీ’ అన్న గుర్తు పడుతుంది, అంతే. అసలు సమాచారం, దాని మీద వేరే ఫైలు వచ్చి కూర్చునే వరకు, చెక్కుచెదరకుండా ఉంటుంది. షిఫ్ట్ మీట పట్టుకుని డిలీట్ నొక్కినా ఇదే కథ. క్విక్ ఫార్మాట్ చేస్తే పట్టిక కొత్తది వస్తుంది కాని చేలో పైరు అలాగే ఉంటుంది.

ఫొటోరెక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లకు ఆ పట్టికతో కూడా పని లేదు. ప్రతి జేపెగ్ ఫొటో ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే మూడు బైట్లతో మొదలవుతుంది. పీడీఎఫ్‌కూ, వర్డ్ ఫైలుకూ కూడా అటువంటి ఆనవాళ్లు ఉంటాయి. ఈ సాఫ్ట్‌వేర్లు డిస్క్‌ను మొదటి నుంచి చివరి వరకు చదువుకుంటూ పోయి, ఆ ఆనవాలు కనిపించిన ప్రతిచోటా ఒక ఫైలును పైకి తీస్తాయి. కొన్నేళ్ల కిందట నేను ఒక పాత సామాన్ల దుకాణంలో 320 జీబీ హార్డ్ డిస్క్ ఒకటి కొన్నాను. “ఫార్మాట్ చేసేశాం సార్” అన్నారు. ఇంటికి తెచ్చి తెరిస్తే నిజంగానే ఖాళీగా కనిపించింది. ఫొటోరెక్ ఆన్ చేసి భోజనానికి వెళ్లి వచ్చేసరికి, పేర్లు పోయి ‘ఎఫ్’ అక్షరం పక్కన అంకెలతో వందల ఫైళ్లు వరుస కట్టి ఉన్నాయి. ఎవరిదో పదో తరగతి మార్కుల జాబితా, పాస్‌పోర్టు సైజు ఫొటోను ఎనిమిది సార్లు అమర్చిన ఒక పేజీ, పీటల మీద కూర్చున్న దంపతుల వ్రతం ఫొటో. నాలుగో ఫైలు తెరవబుద్ధి కాలేదు. డిస్క్ మొత్తం తుడిచేశాను.

ఇది మన దుకాణాలకే పరిమితమైన జబ్బు కాదు. అమెరికాలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే పరిశోధకులు 158 పాత హార్డ్ డిస్క్‌లు కొని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. పనిచేసిన 129 డిస్క్‌లలో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగిలిన వాటిలో క్రెడిట్ కార్డు నంబర్లే 5,000కు పైగా దొరికాయి.

ఇక మీరు చేయవలసినది. తుడవడానికి ముందే, కావలసినవన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని, ఆ డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి నాలుగైదు ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. తుడవకుండా అమ్మి చిక్కుల్లో పడినవారికంటే, బ్యాకప్ ఉందనుకుని తుడిచేసి ఫొటోలు పోగొట్టుకున్నవారి ఉత్తరాలే నాకు ఎక్కువగా వస్తాయి. క్రోమ్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు మీ గూగుల్ ఖాతాలోకి చేరాయో లేదో చూడండి. ఆ తరువాత క్రోమ్, వాట్సాప్, టెలిగ్రామ్, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఒక్కొక్కదాని నుంచి సైన్ అవుట్ కండి.

మీరు రాసిన మోడల్‌ను బట్టి మీది విండోస్ 10తో వచ్చిన 1 టీబీ హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్. సెట్టింగ్స్‌లో ‘అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ’, అందులో ‘రికవరీ’ తెరిస్తే ‘రీసెట్ దిస్ పీసీ’ కనిపిస్తుంది. విండోస్ 11 ఉన్నవారు ‘సిస్టమ్’ కింద ‘రికవరీ’లో వెతకాలి. అక్కడ ‘కీప్ మై ఫైల్స్’ కాకుండా ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకోండి. చాలామంది ఇక్కడి నుంచి నేరుగా ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోతారు. అలా చేస్తే మళ్లీ అడంగల్లో పేరు కొట్టేసినట్టే అవుతుంది. కింద చిన్న అక్షరాల్లో ‘ఛేంజ్ సెట్టింగ్స్’ అని ఉంటుంది. దాన్ని నొక్కితే ‘క్లీన్ డేటా’ అనే మీట వస్తుంది. అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి మీరే ఆన్ చేయాలి. ఒకటికంటే ఎక్కువ డ్రైవ్‌లు ఉంటే, అన్ని డ్రైవ్‌లలోని ఫైళ్లూ తీసేయాలా, విండోస్ ఉన్న డ్రైవ్ ఒక్కటే చాలా అన్న ప్రశ్న కూడా అక్కడే ఉంటుంది. మన దగ్గర ల్యాప్‌టాప్ కొన్న రోజే దుకాణం వాళ్లు సీ, డీ అని డిస్క్‌ను రెండు ముక్కలు చేసి ఇవ్వడం, మనం ఫొటోలూ కాగితాలూ డీ డ్రైవ్‌లో పెట్టుకోవడం అలవాటు కనుక, ఈ ప్రశ్నకు పొరపాటున ‘విండోస్ ఉన్న డ్రైవ్’ అని జవాబిచ్చారంటే సీ డ్రైవ్ శుభ్రంగా కడిగి, అసలు సంసారమంతా ఉన్న డీ డ్రైవ్‌ను కొన్నవారి చేతికి అప్పగించినట్టవుతుంది. అన్ని డ్రైవ్‌లూ ఎంచుకోండి.

1 టీబీ హార్డ్ డిస్క్ మీద ఈ పని గంటల తరబడి సాగుతుంది. ఛార్జర్ తగిలించి రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టండి. కరెంటు పోయినా బ్యాటరీతో కొంతసేపు నడిచే స్థితిలో ఉందో లేదో కూడా చూసుకోండి. తెల్లవారేసరికి దేశం, భాష ఎంచుకోమని అడిగే తెర వస్తుంది. అక్కడితో ఆపి, పవర్ మీట నొక్కి ఆఫ్ చేసి ఆ విద్యార్థికి ఇవ్వవచ్చు. విండోస్ లైసెన్సు పోతుందన్న భయం అక్కర్లేదు, అది మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది. అయితే ఇచ్చే ముందు మీ అక్క కొడుకు చేత అదే సాఫ్ట్‌వేర్‌ను మరోసారి వేయించి చూడండి. ఓణీల ఫొటోలు మళ్లీ కనిపించకపోతే అప్పుడు పని పూర్తయినట్టు. ఆ పరీక్ష కోసం విండోస్‌లోకి వెళ్లవలసి వస్తుంది కనుక, అయ్యాక మరొక్కసారి రీసెట్ చేస్తే సరి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందన్న సంగతి కూడా ఆ విద్యార్థి చెవిన వేయండి.

ప్రశ్న: ఫైళ్లను పైకి తేలకుండా చేయాలంటే డిస్క్ మీద 35 సార్లు రాయాలని ఒక మిత్రుడు, ఎస్ఎస్‌డీ అయితే ఎన్నిసార్లు రాసినా లాభం లేదని మరొక మిత్రుడు అంటున్నారు. నాది ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్. ఎవరి మాట నిజం?
(ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: మొదటి మిత్రుడి మాట పాతబడింది. రెండో మిత్రుడు చెప్పినదాంట్లో సగం నిజం.

ఆ 35 అనే అంకె పీటర్ గుట్మన్ 1996లో రాసిన పరిశోధన పత్రంలోది. అప్పటికి వాడుకలో ఉన్న రకరకాల డిస్క్‌లన్నింటికీ కలిపి ఆయన ఇచ్చిన వరుస అది. ఏ ఒక్క డిస్క్‌కూ మొత్తం 35 సార్లు అవసరం లేదని తరువాత ఆయనే వివరించారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో సవరించి వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, నేటి మాగ్నెటిక్ హార్డ్ డిస్క్‌కు ఒక్కసారి సున్నాలతో నింపితే చాలు, ప్రయోగశాలలో కూర్చున్నా తిరిగి చదవడం సాధ్యం కాదు. సెకనుకు 100 ఎంబీ వేగంతో రాసే 1 టీబీ డిస్క్‌ను ఒకసారి నింపడానికి మూడు గంటలకు కాస్త తక్కువ పడుతుంది. 35 సార్లంటే ఏకబిగిన నాలుగు రోజులు. ఆ కరెంటు బిల్లు మీ మిత్రుడు కడతానంటే తప్ప పెట్టుకోకండి.

ఎస్ఎస్‌డీ సంగతి వేరు. అందులో తిరిగే పళ్లేలు ఉండవు, ఫ్లాష్ చిప్‌లు ఉంటాయి. ఒక్కో గదిలో ఇన్నిసార్లే రాయగలం అన్న పరిమితి ఉండటంతో, ఏ ఒక్క గదీ ముందుగా అరిగిపోకుండా లోపలి కంట్రోలర్ ప్రతి రాతనూ కొత్త కొత్త చోట్లకు మళ్లిస్తూ ఉంటుంది. మీరు పాత ఫైలు మీద సున్నాలు రాస్తున్నాననుకుంటారు. నిజానికి ఆ సున్నాలు వేరే గదిలో పడతాయి. పైగా విండోస్‌కు కనిపించని అదనపు స్థలం కొంత కంట్రోలర్ దగ్గరే ఉంటుంది. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో దీన్ని పరీక్షించి, మొత్తం డిస్క్‌ను రెండుసార్లు నింపడం చాలావరకు పనిచేసినా ప్రతిసారీ పనిచేయదనీ, ఒక్క ఫైలును మాత్రమే ఎంచి తుడవడానికి హార్డ్ డిస్క్‌లకు వాడే పద్ధతులేవీ ఎస్ఎస్‌డీ మీద నమ్మదగినవి కావనీ తేల్చారు. కనుక ఫైల్ ష్రెడర్ అని చెప్పుకునే సాఫ్ట్‌వేర్లను ఎస్ఎస్‌డీ మీద నమ్ముకోవద్దు.

మీకు అనుకూలమైన విషయం ట్రిమ్. విండోస్ 7 నాటి నుంచి, ఫైలు డిలీట్ కాగానే ‘ఈ గదులు ఇక అక్కర్లేదు’ అని విండోస్ ఎస్ఎస్‌డీకి చెబుతుంది. ఎస్ఎస్‌డీ వీలు చూసుకుని వాటిని నిజంగానే ఖాళీ చేస్తుంది. అందుకే ఉపాధ్యాయురాలి హార్డ్ డిస్క్‌లో దొరికినట్టు మీ దాంట్లో ఫైళ్లు సులభంగా దొరకవు. కాని ఎప్పుడు ఖాళీ చేస్తుందన్నది దాని ఇష్టం.

నన్నడిగితే అన్నింటికంటే నమ్మకమైన దారి ఎన్‌క్రిప్షన్. డిస్క్‌లోని ప్రతి అక్షరమూ తాళం వేసిన స్థితిలో ఉండి, ఆ తాళంచెవి నాశనమైతే, ఏ మూల గదిలో ఏ ముక్క మిగిలిపోయినా అది అర్థం లేని అక్షరాల కుప్పే. విండోస్ ప్రో ఉంటే డిస్క్‌కు ఇలా తాళం వేసే బిట్‌లాకర్ ఉంటుంది. హోమ్ ఎడిషన్‌లో ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ అనే పేరుతో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద చాలా మోడళ్లలో కనిపిస్తుంది, కొత్త వాటిలో మీరు చెప్పకుండానే ఆన్ అయి కూడా ఉండవచ్చు. ఇన్నేళ్లూ వాడిన డిస్క్‌కు ఇప్పుడు కొత్తగా బిట్‌లాకర్ పెడుతుంటే, ‘యూజ్డ్ డిస్క్ స్పేస్ ఓన్లీ’ అన్నదాన్ని వదిలి ‘ఎంటైర్ డ్రైవ్’ ఎంచుకోండి. మొదటిది ఇప్పుడున్న ఫైళ్లకే తాళం వేస్తుంది, నిన్న డిలీట్ చేసినవి ఖాళీ అనుకున్న చోట తాళం లేకుండానే ఉండిపోవచ్చు. ఎన్‌క్రిప్షన్ పూర్తయ్యాక పైన చెప్పిన పద్ధతిలో ‘క్లీన్ డేటా’తో రీసెట్ చేయండి. మధ్యలో 48 అంకెల రికవరీ కీ అడిగితే కంగారు పడకుండా, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో అది ఉందో లేదో ముందే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇంతకంటే గట్టిగా కావాలంటే బయోస్‌లోకి (విండోస్ మొదలయ్యేముందు తెరిచే సెట్టింగ్స్‌లోకి) వెళ్లండి. డెల్, హెచ్‌పీ, లెనోవో కంపెనీల వ్యాపార తరగతి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ‘డేటా వైప్’ లేదా ‘సెక్యూర్ ఎరేజ్’ అనే ఆదేశం ఉంటుంది. అది నేరుగా ఎస్ఎస్‌డీ కంట్రోలర్‌కే అన్ని గదులూ ఖాళీ చేయమని చెబుతుంది కనుక మనకు కనిపించని స్థలం కూడా అందులోకి వస్తుంది. హార్డ్ డిస్క్‌కు గంటలు పట్టే పని ఇక్కడ తరచుగా నిమిషాల్లో అయిపోతుంది. విండోస్ కూడా పోతుంది కాబట్టి, పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ సిద్ధంగా ఉంచుకోవాలి. మీ ల్యాప్‌టాప్‌లో ఏ రకం డిస్క్ ఉందో తెలియని ఇతర పాఠకులు టాస్క్ మేనేజర్ తెరిచి ‘పెర్ఫార్మెన్స్’లో చూడండి, డిస్క్ పేరు కిందే హెచ్‌డీడీ అనో ఎస్ఎస్‌డీ అనో రాసి ఉంటుంది.

ప్రశ్న: మాది జిరాక్స్, డీటీపీ షాపు. ఆధార్ కాపీలు, పట్టాదారు పాసుపుస్తకాలు, విద్యార్థుల సర్టిఫికెట్లు రోజూ వాట్సాప్‌లోనూ, పెన్‌డ్రైవ్‌లలోనూ వస్తాయి. ఆరేళ్లుగా వాడిన ల్యాప్‌టాప్‌ను మార్పిడికి ఇచ్చి కొత్తది తీసుకోవాలనుకుంటున్నాను. నా సొంత ఫైళ్లు పెద్దగా ఏమీ లేవు. అయినా ఇంత తతంగం అవసరమా?
(ఒక షాపు యజమాని, తెనాలి)

జవాబు: అందరికంటే మీకే ఎక్కువ అవసరం. ఉపాధ్యాయురాలి ల్యాప్‌టాప్‌లో ఒక కుటుంబం కాగితాలు ఉన్నాయి. మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఆరేళ్లుగా మీ కౌంటర్ ముందు నిలబడిన ప్రతి మనిషివీ ఉన్నాయి.

ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అని మీరు అనుకోవచ్చు. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ ఎలా ఉంటుందో మీకు నాకంటే బాగా తెలుసు, రోజూ కస్టమర్ల ముందు కొడుతూనే ఉంటారు: పేరులోని మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లిషు క్యాపిటల్ అక్షరాల్లో, పక్కనే పుట్టిన సంవత్సరం. అదే డిస్క్‌లో పక్కన పదో తరగతి సర్టిఫికెట్ స్కాన్ ఉంటే పేరూ, పుట్టిన సంవత్సరమూ రెండూ దానిమీదే రాసి ఉంటాయి. తాళం పక్కనే తాళంచెవి వేలాడదీసినట్టు. ఇక ప్రింట్ తీసే ముందు ఆ పీడీఎఫ్‌ను పాస్‌వర్డ్ లేని కాపీగా సేవ్ చేసుకునే అలవాటు మీకుంటే ఆ మాత్రం తాళం కూడా లేనట్టే.

మార్పిడికి ఇచ్చిన ల్యాప్‌టాప్ మీరు చూసిన దుకాణంలో ఆగదు. అక్కడి నుంచి ఎన్ని చేతులు మారుతుందో మీరు వెంటపడి చూడలేరు. కాబట్టి పెళ్లికార్డుల డిజైన్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు, అను ఫాంట్లు వంటి మీ వ్యాపారానికి కావలసినవి మాత్రమే కాపీ చేసుకుని, కస్టమర్ల కాగితాల్ని కొత్త ల్యాప్‌టాప్‌లోకి మోసుకుపోకుండా, డిస్క్ మొత్తాన్ని పైన చెప్పిన పద్ధతిలో తుడవండి. ‘అన్ని డ్రైవ్‌లూ’ అన్న మాట మీ విషయంలో మరీ ముఖ్యం. నా సలహా అడిగితే, ఆ పాత హార్డ్ డిస్క్‌ను విప్పి మీ దగ్గరే ఉంచుకుని ల్యాప్‌టాప్‌ను డిస్క్ లేకుండా ఇవ్వండి. ఆరేళ్ల డిస్క్ వల్ల తగ్గే ధర ఏమంత ఉండదు.

మీరు అడగకపోయినా మరొక మాట. మీ షాపులో పెద్ద మల్టీఫంక్షన్ జిరాక్స్ యంత్రం ఉంటే, అటువంటి చాలా మోడళ్లలో లోపల ఒక హార్డ్ డిస్క్ ఉంటుంది. కాపీ తీసిన, స్కాన్ చేసిన పేజీల బొమ్మలు దానిమీద నిలిచిపోవచ్చు. యంత్రాన్ని అమ్మేటప్పుడుగాని, అద్దెకు తెచ్చినదాన్ని తిరిగి ఇచ్చేటప్పుడుగాని, అడ్మినిస్ట్రేటర్ మెనూలో డిస్క్ చెరిపే ఆదేశం ఉందేమో సర్వీస్ మెకానిక్‌ను అడిగి మీ కళ్లముందే చేయించండి.

కొత్త ల్యాప్‌టాప్‌లో అసలు ఇంత పోగుపడకుండా చూసుకోవచ్చు. షాపు మూసే ముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నూ, వాట్సాప్ చాట్‌లనూ ఖాళీ చేయడం అలవాటు చేసుకోండి. హార్డ్ డిస్క్ వాడేవారికి విండోస్‌లోనే, కమాండ్ ప్రాంప్ట్‌లో కొట్టే సైఫర్ అనే కమాండ్ ఉంది. దాని పక్కన స్లాష్, డబ్ల్యూ, కోలన్, ఆపైన డ్రైవ్ అక్షరం కొడితే, ఉన్న ఫైళ్ల జోలికి పోకుండా ఖాళీ స్థలం మీద మాత్రమే సున్నాలు, ఒకట్లు, ఆపై అడ్డదిడ్డపు అంకెలు మూడు విడతలుగా రాస్తుంది. ఆదివారం షాపుకు సెలవైతే శనివారం రాత్రి పెట్టి వెళ్లిపోవచ్చు. ఎస్ఎస్‌డీ ఉన్నవారికి ఇది అనవసరం, అరుగుదల తప్ప ఫలితం ఉండదు. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమలులోకి వస్తాయి గాని, ఏ పని కోసం తీసుకున్న సమాచారాన్ని ఆ పని కాగానే తుడిచేయాలన్నది ఆ చట్టంలోని మూల నియమాల్లో ఒకటి. మీ కౌంటర్ దగ్గర ఆ పని రెండు నిమిషాల్లో అయిపోతుంది కదా.

ప్రశ్న: మా ల్యాప్‌టాప్ ఆన్ కావడం లేదు. మదర్‌బోర్డు పోయిందన్నారు. విడిభాగాల కోసం కొంటామని ఒకరు వచ్చారు. ఆన్ కానిదాన్ని ఎలా తుడవాలి?
(ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: పోయింది మదర్‌బోర్డు, డిస్క్ కాదు. దాన్ని తీసి మరో ల్యాప్‌టాప్‌కు తగిలించిన మరుక్షణం అన్నీ కనిపిస్తాయి. కాబట్టి ఆ మనిషికి ఇచ్చే ముందు మీరే తీయండి, లేదా వీధి చివరి మెకానిక్ చేత మీ ఎదుటే తీయించండి. కింది మూత స్క్రూలు విప్పి, ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. హార్డ్ డిస్క్ అయితే అరచేతిలో పట్టే రేకు పెట్టెలా ఉంటుంది. కొత్త తరహా ఎం.2 ఎస్ఎస్‌డీ అయితే 22 మిల్లీమీటర్ల వెడల్పుతో పచ్చటి లేదా నల్లటి పుల్లలా ఒక చివర స్క్రూతో బిగించి ఉంటుంది. కొన్ని చవక మోడళ్లలోనూ, ఇటీవలి మ్యాక్‌బుక్‌లలోనూ స్టోరేజీ బోర్డుకే అతికి ఉంటుంది. అటువంటప్పుడు బోర్డును మీ దగ్గరే ఉంచుకుని తెర, కీబోర్డు మాత్రం అమ్మండి.

తీసిన డిస్క్‌ను మళ్లీ వాడుకోవాలనుకుంటే యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి వేరే కంప్యూటర్‌కు తగిలించండి. సాటా డిస్క్‌కూ, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీకీ కేసింగ్‌లు వేరువేరు, కొనేటప్పుడు డిస్క్‌ను వెంట తీసుకెళ్లడం మేలు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత పార్టిషన్లు (సీ, డీ వంటి ముక్కలు) తీసేసి, ఒకే పార్టిషన్ చేసి, ‘క్విక్ ఫార్మాట్’ ఎదురుగా ఉన్న టిక్కు తీసేసి ఫార్మాట్ చేయండి. విండోస్ విస్టా నాటి నుంచి ఈ పూర్తి ఫార్మాట్ డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది, కనుక హార్డ్ డిస్క్‌కు ఇది చాలు. ఏ డిస్క్‌ను ఎంచుకున్నారో సైజు చూసి రెండుసార్లు సరిచూసుకోండి; పొరపాటున కంప్యూటర్ సొంత డిస్క్ మీద పడితే వెనక్కి తీసుకునే దారి లేదు.

వాడుకునే ఉద్దేశం లేకపోతే పగలగొట్టవచ్చు, అయితే ఏది పగలాలో తెలిసి పగలగొట్టాలి. హార్డ్ డిస్క్‌లో లోపలి పళ్లెం పాడవాలి. ల్యాప్‌టాప్ డిస్క్‌లలో అది తరచుగా గాజుతో చేసినది కనుక పెంకులు ఎగురుతాయి, కళ్లకు అద్దాలు పెట్టుకుని గుడ్డలో చుట్టి కొట్టండి. ఎస్ఎస్‌డీలో నల్లటి చిప్ ప్రతి ఒక్కటీ విరగాలి, ఒకటి మిగిలినా దానిలోనిది మిగిలినట్టే. అయస్కాంతం పెట్టి రుద్దితే పోతుందన్న మాట నమ్మకండి; ఇంట్లో దొరికే అయస్కాంతానికి హార్డ్ డిస్క్ లొంగదు, ఎస్ఎస్‌డీకి అయస్కాంతమంటే లెక్కే లేదు. బ్యాటరీ జోలికి మాత్రం సుత్తితో పోవద్దు.

ప్రశ్న: చదువు ముగించుకుని వచ్చే నెల ఇండియాకు తిరిగి వస్తున్నాను. నా ఎం1 మ్యాక్‌బుక్‌ను ఇక్కడే జూనియర్‌కు అమ్ముతున్నాను. ఐ-20 (విద్యార్థి వీసాకు కావలసిన పత్రం), పాస్‌పోర్టు, డబ్ల్యూ-2 (జీతం, పన్ను వివరాల పత్రం) కాపీలు అన్నీ అందులోనే ఉన్నాయి.
(ఒక విద్యార్థిని, డల్లాస్)

జవాబు: మీ పని అందరికంటే తేలిక. ఎం1, ఆ తరువాతి మ్యాక్‌లలో స్టోరేజీ ఎప్పుడూ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘జనరల్’, అందులో ‘ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్’ కింద ‘ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్’ నొక్కితే తాళంచెవి నాశనమవుతుంది, పని నిమిషాల్లో అయిపోతుంది. అది మిమ్మల్ని ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ చేసి ‘ఫైండ్ మై’ని కూడా ఆపుతుంది, మీ యాపిల్ ఖాతాలోని పరికరాల జాబితా నుంచి ఆ మ్యాక్ పోయిందో లేదో ఫోన్‌లో ఒకసారి చూడండి. అది పోకపోతే యాక్టివేషన్ లాక్ (మీ పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోని తాళం) పడి, మీరు విమానంలో ఉండగా మీ జూనియర్ మీకు ఫోన్ చేయవలసి వస్తుంది. అమెరికా పన్ను కాగితాలు సాధారణంగా 3 ఏళ్లు దాచుకోవాలి, తుడిచే ముందు ఆ ఫోల్డర్‌ను వెంట తెచ్చుకోండి.

ప్రశ్న: ఉద్యోగం మానేస్తున్నాను. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసి ఇవ్వవచ్చా?
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: వద్దు. అది మీది కాదు, అందులోని పని ఫైళ్లు కూడా మీవి కావు. తుడిచేస్తే ఆధారాలు చెరిపారన్న మాట పడవచ్చు. మీ సొంత ఫొటోలు, కాగితాలు కాపీ చేసుకుని తీసేసి, బ్రౌజర్‌లో దాచిన మీ సొంత పాస్‌వర్డ్‌లు తొలగించి, సొంత ఖాతాల నుంచి సైన్ అవుట్ అయి, తుడిచే పనిని ఐటీ విభాగానికే వదిలేయండి. అప్పగించినట్టు రసీదు తీసుకోండి.

ప్రశ్న: మీ శీర్షిక చదవకముందే, పోయిన నెల సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో నా ల్యాప్‌టాప్ అమ్మేశాను. ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ అయితే చేశాను గాని ‘క్లీన్ డేటా’ సంగతి తెలియదు. ఇప్పుడేమైనా చేయగలనా?
(ఒక పాఠకుడు, మల్కాజిగిరి)

జవాబు: ముందుగా ఒక సంగతి తేల్చుకోండి. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ ల్యాప్‌టాప్ పేరు మీద బిట్‌లాకర్ రికవరీ కీ ఉందా? ఉంటే దాని డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండే అవకాశం ఎక్కువ, అప్పుడు రీసెట్‌తో పాత తాళంచెవి కూడా పోయింది కనుక చాలావరకు నిశ్చింతగా ఉండవచ్చు. లేకపోయినా అది ఎస్ఎస్‌డీ అయితే ట్రిమ్ వల్ల మిగిలినవి తక్కువే. హార్డ్ డిస్క్ అయితే మాత్రం ఆలస్యం చేయవద్దు.

దూరం నుంచి దాన్ని తుడిచే దారి లేదు. విండోస్‌లోని ‘ఫైండ్ మై డివైస్’ ల్యాప్‌టాప్‌ను వెతకగలదు, లాక్ చేయగలదు గాని చెరపలేదు, పైగా రీసెట్ తరువాత ఆ బంధం కూడా తెగిపోయింది. ఈ సాయంత్రమే ముందు ఈమెయిల్, ఆ తరువాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. ఈమెయిల్ ఎందుకు ముందంటే, మిగిలిన పాస్‌వర్డ్‌లన్నీ మార్చుకునే లింకులు దానికే వస్తాయి. గూగుల్ ఖాతాలో ‘యువర్ డివైసెస్’, వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి పాత ల్యాప్‌టాప్ కనిపిస్తే సైన్ అవుట్ చేయండి. ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి, ఆధార్ ధ్రువీకరణ చరిత్రలో మీరు చేయనివి ఏమైనా ఉన్నాయేమో చూడండి. మీ పేరు మీద ఎవరైనా అప్పు తీసుకున్నారేమో తెలుసుకోవడానికి క్రెడిట్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా వస్తుంది, రెండు మూడు నెలలు ఆగి తెప్పించుకోండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇవన్నీ చేసే ముందు ఆ షాపుకు ఒక ఫోన్ చేసి చూడండి. పాత హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్ కొన్నవారు తరచుగా దాన్ని తీసి చిన్న ఎస్ఎస్‌డీ వేసి అమ్ముతుంటారు, వేగంగా కనిపిస్తుందని. అలా తీసిన డిస్క్‌లు ఇంకా షాపులో ఒక అట్టపెట్టెలో పడి ఉండవచ్చు. మీ బిల్లులో సీరియల్ నంబరు ఉంటుంది. డిస్క్ ఇంకా అమ్ముడు పోలేదంటే బేరం ఆడకుండా వాళ్లు అడిగిన డబ్బు ఇచ్చి తెచ్చుకోండి.